సలీమా బడిలో ప్రశ్నల పెట్టె

ఆఫ్రికాలోని మలావీ నుంచి తిరిగి వచ్చిన నాటి నుంచి చుట్టాలు, తోటి నర్సులు, నా దగ్గర చదువుకున్న పిల్లలు అందరూ ఒకటే అడుగుతున్నారు: "అక్కడి పిల్లలకు ఏం నేర్పి వచ్చారు మేడమ్?" అడిగిన ప్రతివారికీ ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒకచోట కూర్చుని వివరంగా రాయడమే మేలనిపించింది. 22 ఏళ్ళు నర్సుగా పనిచేశాను. అందులో చివరి 9 ఏళ్ళు నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పాను. 2023 సెప్టెంబరు నుంచి 2024 జూన్ వరకు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మలావీ దేశంలోని సలీమా జిల్లాలో, మలావీ సరస్సు ఒడ్డున ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో ఆరోగ్య విద్య బోధించడానికి వెళ్ళాను. అక్కడ ప్రాథమిక విద్య అంటే ఎనిమిది తరగతులు. ఆలస్యంగా బడిలో చేరినవారు, మధ్యలో మానేసి మళ్ళీ వచ్చినవారు చాలామంది ఉంటారు కాబట్టి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో 12 ఏళ్ళ నుంచి 17 ఏళ్ళ దాకా పిల్లలు కలిసి కూర్చుంటారు. ఆ మూడు తరగతులనే నాకు అప్పగించారు.

రాజధాని లిలాంగ్వే నుంచి సలీమాకు దాదాపు వంద కిలోమీటర్లు. పీఠభూమి మీద నుంచి రోడ్డు మలుపులు తిరుగుతూ దిగుతుంది; దిగినకొద్దీ ఉక్క పెరుగుతుంది, బావోబాబ్ చెట్లు కనబడడం మొదలవుతుంది. మన గోల్కొండ నయాఖిలాలో ఏనుగులంత మొదలుతో నిలబడి ఉన్న చెట్టు ఈ జాతిదే. దాన్ని చూసినవారికి సలీమా దారిలో అడుగడుగునా అదే చెట్టు ఎదురవుతుంటే కలిగే ఆశ్చర్యం అర్థమవుతుంది. చివరికి అవతలి గట్టు కనబడని నీళ్ళు. దాదాపు 580 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సు ఒడ్డున తడికల మంచెల మీద ఉసిపా అనే వేలెడంత చేపలను ఎండబెడతారు. గాలి అటు తిరిగితే తరగతి గదిలోకి వచ్చే వాసన అచ్చంగా మన కోస్తా గ్రామాల్లో నెత్తళ్ళు ఎండబెట్టిన వాసనే.

వాళ్ళ భాష చిచేవా. మన తెలుగులాగే అందులోనూ మాటలు అచ్చుతోనే ముగుస్తాయి: నీళ్ళను మాద్జి అంటారు, కృతజ్ఞత చెప్పాలంటే జికోమో అంటారు, మొక్కజొన్న పిండితో చేసే సంగటిలాంటి అన్నాన్ని న్సిమా అంటారు. చిన్నవారిని 'ఇవే' అని, పెద్దవారిని 'ఇనూ' అని పిలుస్తారు. ఆ ఇనూ మన 'మీరు' లాగే బహువచనంగానూ గౌరవవాచకంగానూ పనిచేస్తుంది. ఒక్క ఉపాధ్యాయుడి గురించి చెప్పేటప్పుడు కూడా బహువచనమే వాడతారు. కర్నూలు జిల్లాలో పెరిగిన నాకు ఈ మర్యాదను ఎవరూ నేర్పనవసరం లేకపోయింది. మిగతాదంతా నేర్చుకోవలసే వచ్చింది.

సంస్థ మాకు చేతికిచ్చిన పాఠాల అట్టలు వేరే ఎక్కడో, వేరే పిల్లల కోసం తయారైనవి. ఒక బొమ్మలో ఒక అమ్మాయి గోడకున్న కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటుంది. ఇంకొక బొమ్మలో దుకాణంలో కొన్న ప్యాడ్ల ప్యాకెట్టు ఉంటుంది. మా బడిలో కుళాయి లేదు. ఆవరణ మూలన ఒక చేతిపంపు ఉంది, దాన్ని అక్కడ మ్జిగో అంటారు. బడికీ, చుట్టుపక్కల ఇళ్ళకూ అదే ఆధారం. ఆ అట్టలు పట్టుకుని మొదటి రెండు వారాలు ఇంగ్లీషులో పాఠాలు చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు, అడిగిన వాటికి ముక్తకంఠంతో జవాబు చెప్పారు, తరగతి అయిపోగానే లేచి నిలబడి వందనం చేశారు. ఒక్కరు కూడా ప్రశ్న అడగలేదు.

మూడో వారంలో, శరీరంలో వచ్చే ఎదుగుదల గురించి చెబుతూ, నేర్చుకున్న నాలుగు చిచేవా మాటలను వాడదామనుకుని ఆడపిల్లల వైపు తిరిగి, ప్రతిరోజూ స్నానం చేయాలన్న అర్థంలో కుసాంబా అనే మాట వాడాను. వెనక బెంచీల్లో మగపిల్లలు నవ్వారు, ఆడపిల్లలు తలలు దించుకున్నారు, ముందు వరుసలోని ఒక పిల్ల చిటెంజె గుడ్డను ముఖానికి అడ్డం పెట్టుకుంది. తరగతి అయ్యాక లైఫ్ స్కిల్స్ బోధించే ఉపాధ్యాయిని నన్ను మామిడిచెట్టు కిందకు తీసుకువెళ్ళి మెల్లగా చెప్పింది: "మాయీ, ఆ మాటకు స్నానమనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ ఎదిగిన ఆడపిల్లల విషయంలో వాడితే నెలసరి అని అర్థం వస్తుంది." వినగానే నాకు మా ఇంట్లోని మాటలు గుర్తుకు వచ్చాయి. మనమూ 'బయట ఉంది' అంటాం, 'దూరం కూర్చుంది' అంటాం, 'తలంటుకుంది' అంటాం. అసలు సంగతికి పేరు పెట్టి చెప్పం. బడిలో పునరుత్పత్తి పాఠం వచ్చేసరికి 'ఇంటి దగ్గర చదువుకోండి' అని పేజీలు తిప్పేసిన మాస్టారిని మనలో చాలామందిమి చూసే ఉంటాం. రెండు జాతులు ఒకే విషయాన్ని ఒకే రకమైన సిగ్గుతో, వేరువేరు మాటల కింద దాచిపెట్టుకున్నాయి. ఆ మాటల లోగుట్టు తెలియని మనిషి ఎంత చదువుకున్నదైనా అక్కడ ఈ పాఠం చెప్పలేదు. చెప్పగలిగింది ఆవిడే. ఆ మధ్యాహ్నమే నా పని ఏమిటో నాకు తెలిసింది: పాఠం ఆవిడ చెప్పాలి, దానికి కావలసిన శాస్త్రమూ, బొమ్మలూ, ధైర్యమూ నేను సమకూర్చాలి.

ప్రశ్నల పెట్టె ఆలోచన కూడా ఆవిడదే. సబ్బులు వచ్చిన ఒక అట్టపెట్టెకు పైన చీలిక కోసి, పిండి జిగురుతో తెల్ల కాగితం అంటించింది. అందులో ఒక జాగ్రత్త ఉంది, అది నాకు తట్టి ఉండేది కాదు. వారానికొకసారి ప్రతి ఒక్కరికీ ఒకే కొలత కాగితం ముక్క ఇచ్చి, అందరూ ఏదో ఒకటి రాసి పెట్టెలో వేయాలని నియమం పెట్టింది. ప్రశ్న లేనివారు తమకు నచ్చిన కూర పేరైనా రాయాలి. ఎవరికి ప్రశ్న ఉందో, ఎవరికి లేదో చూసేవారికి తెలియకూడదు కాబట్టి. మొదటి వారం వచ్చిన కాగితాలలో మూడొంతుల పైగా కూరల పేర్లే. రెండో నెల వచ్చేసరికి కూరలు తగ్గి ప్రశ్నలు మిగిలాయి. సాయంత్రం ఇద్దరం కూర్చుని విప్పేవాళ్ళం. ఆవిడ చదివి నాకు ఇంగ్లీషులో చెబితే, నేను నోట్‌బుక్కులో జవాబు రాసి ఇచ్చేదాన్ని, మరునాడు ఆవిడ దాన్ని తన మాటల్లో తరగతికి చెప్పేది. నేను చివరి బెంచీలో కూర్చునేదాన్ని.

ఆ కాగితాల్లో ఒకటి నేను జన్మలో మరిచిపోలేను. "మగపిల్లలు పెద్దవాళ్ళయ్యేటప్పుడు మూత్రంలో రక్తం వస్తుంది కదా, అది ఏ వయసులో ఆగుతుంది?" అని ఉంది. వస్తుందా అన్న అనుమానం కాదు, ఎందుకు వస్తుందన్న భయం కూడా కాదు. ఆడపిల్లకు నెలసరి ఎలాగో మగపిల్లవాడికి ఇది అలాగని, ఎదుగుదలలో భాగమని ఆ పిల్లవాడు నమ్మాడు. చుట్టూ ఉన్న స్నేహితులందరికీ వస్తుంటే ఏ పిల్లవాడైనా అలాగే నమ్ముతాడు.

అది బిల్హార్జియా, వాళ్ళ భాషలో లికోద్జో. నర్సింగ్ పుస్తకంలో అరపేజీ చదివి, పరీక్షలో రాసి, మన దగ్గర కనబడని జబ్బు కాబట్టి మరిచిపోయిన విషయాన్ని నేను ఆ రాత్రి మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. జబ్బున్న మనిషి మూత్రంతోపాటు పురుగు గుడ్లు నీళ్ళలో పడతాయి. అవి పొదిగి, గట్టు పక్కన నాచులో, రెల్లులో ఉండే ఒక రకం నత్తల్లోకి చేరతాయి. నత్త ఒంట్లో కొన్ని వారాలు పెరిగి, కంటికి కనబడనంత చిన్న పిల్లపురుగులై వేలకొద్దీ బయటికి వస్తాయి. నీళ్ళలో నిలబడిన మనిషి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోవడానికి వాటికి కొద్ది నిమిషాలు చాలు. చివరకు మూత్రాశయం చుట్టూ ఉన్న రక్తనాళాల్లో కాపురం పెట్టి ఏళ్ళ తరబడి గుడ్లు పెడతాయి. ముల్లున్న ఆ గుడ్లు మూత్రాశయం గోడను చీల్చుకుని రావడం వల్లే రక్తం. నిర్లక్ష్యం చేస్తే పెద్దయ్యాక మూత్రాశయ క్యాన్సరుకు కూడా దారితీస్తుంది. ఆడపిల్లల్లో గుడ్లు గర్భాశయ ముఖద్వారం దగ్గర చేరి పుండ్లు చేస్తాయి; దాన్ని సుఖవ్యాధిగా పొరబడి, ఏ తప్పూ చేయని పిల్ల మీద నింద వేయడం కూడా జరుగుతుంది. ఈ ఒక్క సంగతి కోసమైనా ఈ పాఠం ప్రతి సరస్సు ఒడ్డు బడిలోనూ చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

'సరస్సులో దిగకండి' అని అట్ట మీద ఉంది. దిగకుండా ఎలా? బట్టలు అక్కడే ఉతకాలి, గిన్నెలు అక్కడే తోమాలి, చేపలు అక్కడే పట్టాలి, ఎండాకాలంలో ఆటా అక్కడే. అందుకని ఇద్దరం ఆ వాక్యాన్ని పక్కన పెట్టి, చేయగలిగిన వాటిని వెతికాం. ఆ పిల్లపురుగులు నత్తల నుంచి ఎక్కువగా బయటపడేది మిట్టమధ్యాహ్నం ఎండలో. కాబట్టి బట్టలు ఉతకడానికి తెల్లవారుజామున వెళితే ముప్పు తగ్గుతుంది. తోడి తెచ్చిన నీళ్ళను రెండు రోజులు కదపకుండా ఉంచితే అవి చచ్చిపోతాయి. స్నానానికి ఆ నీళ్ళు వాడవచ్చు. రెల్లు, నాచు ఉన్నచోట దిగకపోవడం మేలు. అన్నిటికంటే ముఖ్యంగా నీళ్ళలో, నీళ్ళ పక్కన మూత్రం పోయకూడదు. నత్తకు గుడ్లు అందకపోతే చక్రం అక్కడే ఆగుతుంది. టీచరు ఈ చక్రాన్ని నల్లబల్ల మీద గీయలేదు. పిల్లలను ఆవరణలో గుండ్రంగా నిలబెట్టి, ఒకరిని నత్తగా, ఒకరిని నీళ్ళుగా, ఒకరిని చేపలు పట్టే మనిషిగా చేసి, గవ్వ ఒకటి చేతులు మార్పించింది. గవ్వ చేతికి వచ్చిన ప్రతివారూ దాన్ని తన దగ్గరే ఎలా ఆపగలరో చెప్పాలి. నత్త వేషం కట్టిన పిల్లవాడికి చాలాసేపు ఏమీ తోచలేదు. చివరికి "నన్ను తినే చేపను బతకనివ్వండి" అన్నాడు.

ఆ మాటకు నేను ఉలిక్కిపడ్డాను. గట్టు దగ్గర తిరుగుతూ నత్తలను తినే చేపలను అతిగా పట్టేయడం వల్లే ఆ సరస్సులో ఈ జబ్బు పెరిగిందని పరిశోధకులు చెబుతున్నారు. ఆ చేపలను పట్టేది దేనితో? సన్నటి కన్నులున్న దోమతెరలతో. మలేరియా నివారణకు ఇంటింటికీ ఉచితంగా పంచే నీలిరంగు దోమతెరలు రెండు మూడు కలిపి కుట్టి వలలుగా వాడడం ఆ ఒడ్డున ఎవరైనా చూడవచ్చు. ప్రపంచంలో మొట్టమొదట మలేరియా టీకాను పసిపిల్లలకు మామూలు టీకాలతోపాటు ఇవ్వడం మొదలుపెట్టిన దేశం మలావీయే. అది 2019 ఏప్రిల్ సంగతి. అయినా ఇప్పటికీ బడికి రాని పిల్లల గురించి విచారిస్తే సగంసార్లు వినబడే మాట మాలుంగో, అంటే మలేరియా. దోమతెర పాఠం రోజున పెట్టెలో ఒక కాగితం వచ్చింది: "తెరలో పడుకుంటే జ్వరం రాదు. తెరతో చేపలు పట్టకపోతే తిండి ఉండదు. ఏది ముందు?" దానికి జవాబు నా నోట్‌బుక్కులో రెండు రోజుల పాటు ఖాళీగానే ఉంది. చివరికి టీచరు ఒక చేపల కుటుంబం పెద్దాయనను బడికి పిలిపించింది. ఆయన చిరిగిపోయిన పాత తెరలను చేపలు ఎండబెట్టే మంచెల మీద కప్పడానికి, కూరమళ్ళకు కోళ్ళు రాకుండా కట్టడానికి వాడతామని, కొత్త తెరను మాత్రం పిల్లలు పడుకునే చోటు నుంచి కదపకూడదని ఇంట్లో కట్టడి చేశామని చెప్పాడు. ఆ మాట నేను చెబితే ఎవరు వింటారు?

మా అవ్వ కథ నేను చెప్పింది ఆ తర్వాత వారమే. అవ్వ కుడి మడమ పైన రూపాయి బిళ్ళంత మచ్చ ఉండేది. చిన్నప్పుడు నేను దాని మీద వేలు పెట్టి అడిగితే, నారికురుపు అని చెప్పేది. ఊరి దిగుడు బావిలోకి మెట్లు దిగి, నీళ్ళలో కాళ్ళు పెట్టి బిందె ముంచుకునే రోజులవి. ఆ నీళ్ళు తాగినవారికి ఏడాది తిరిగేసరికి కాలి మీద బొబ్బ లేచి, అందులోంచి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి, తెగకుండా రోజుకు కొంచెం చొప్పున లాగేవారట. పంట కోతల కాలంలో నెల రోజులు అవ్వ మంచం మీదే ఉందట. ఆ జబ్బుకు మందూ లేదు, టీకా కూడా లేదు. అయినా 1996లో రాజస్థాన్‌లో వచ్చిన కేసే మన దేశంలో ఆఖరుది. 2000లో భారతదేశంలో ఆ జబ్బు పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. నీళ్ళను గుడ్డతో వడకట్టమని ఇంటింటికీ తిరిగి చెప్పినవాళ్ళ వల్ల, మెట్లు మూసివేసి చేదబావులుగా మార్చడం వల్ల, వీధి బోరింగుల వల్ల పోయింది. నేను ఇంగ్లీషులో చెబుతుంటే టీచరు చిచేవాలో చెప్పింది. పుల్లకు పురుగును చుట్టే చోట ఆవిడ తన చూపుడువేలికి దారం చుట్టి చూపించింది. తరగతి మొత్తం ఊపిరి బిగబట్టింది. మన దేశాన్ని గురించి నేను గర్వంగా చెప్పుకున్న సందర్భాలలో ఇంతకంటే తృప్తినిచ్చినది లేదు.

ఫిబ్రవరిలో ఆరోగ్య శాఖవారు మాత్రలు పంచడానికి బడికి వచ్చారు. మందు పేరు ప్రాజిక్వాంటెల్. తూచే యంత్రం అవసరం లేకుండా ఒక గుర్తుల కర్రను గోడకు ఆనించి, పిల్ల ఎత్తును బట్టి ఒకటిన్నర, రెండు, రెండున్నర అని మాత్రలు లెక్కగడతారు. పెద్ద మాత్రలు, చేదు. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతులవుతాయి. ఆ సంగతి ముందే చెప్పడంతో, బడికి సాయపడే మదర్ గ్రూపు తల్లులు తెల్లవారకముందే వచ్చి మొక్కజొన్న, సోయా పిండితో ఫాలా అనే జావ కాచారు. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ పాత పంట అయిపోయి, కొత్త పంట చేతికి రాని కాలం. ఆ ఏడు వానలు కూడా మొండికేశాయి, మార్చిలో ప్రభుత్వం చాలా జిల్లాలను కరువు ప్రాంతాలుగా ప్రకటించింది. ఇంట్లో పొయ్యి వెలగని పిల్లకు పోషకాహార పాఠం చెప్పడం ఎంత కష్టమో ఆ మూడు నెలల్లో చూశాను. ఆ పాఠాన్ని ఏప్రిల్‌కు వాయిదా వేశాం.

సబ్బు సంగతీ అంతే. అంతకు ముందటి ఏడాది మలావీని కలరా అతలాకుతలం చేసింది. 2022 మార్చిలో మొదలై 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. కాబట్టి చేతులు కడుక్కోవడం ఎందుకో ఆ పిల్లలకు ఎవరూ చెప్పనవసరం లేదు. కానీ 2023 నవంబరులో ఆ దేశపు కరెన్సీ క్వాచా విలువను ఒక్కసారిగా బాగా తగ్గించారు; సలీమా బజారులో సబ్బు ధర వారాల్లో పెరిగిపోయింది. తెలియక కడుక్కోకపోవడం వేరు, కొనలేక కడుక్కోకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూసి, పేదవాళ్ళకు శుభ్రత తెలియదని తీర్మానించే అలవాటు మన ఆసుపత్రుల్లోనూ ఉంది. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో తల్లులను కసురుకున్నాను. ఆ ముఖాలు నాకు అక్కడ గుర్తుకు వచ్చాయి.

నెలసరి పాఠం ఆడపిల్లలకు విడిగా చెప్పాం. పాత చిటెంజె గుడ్డలను మడిచి వాడుకోవడం వారికి కొత్త కాదు, మన పాత చీరల గుడ్డల పద్ధతే. ఆ గుడ్డను ఎవరి కంటా పడకుండా పరుపు కింద, మూలల్లో తడితడిగా ఆరబెట్టడం కూడా మన పద్ధతే. ఎండ తగలాలని నేనంటే, దండెం మీద వేస్తే అందరూ చూస్తారని వారన్నారు. ఒక పిల్ల సన్నటి గుడ్డ పైన కప్పి ఎండలో వేస్తే సరిపోతుందని చెప్పింది, అందరూ ఒప్పుకున్నారు. మేం కూర్చుని బటన్లతో కూడిన గుడ్డ ప్యాడ్లు కుట్టడం నేర్పాం. అయితే ఆ రోజుల్లో ఆడపిల్లలు బడి మానడానికి అసలు కారణం గుడ్డ కాదు, చోటు. మరుగుదొడ్డికి తలుపు లేదు. ఈ మాట పెట్టె ద్వారా బయటపడ్డాక మదర్ గ్రూపు వారు గడ్డి, కర్రలతో ఒక బాఫా కట్టారు. అంటే పైకప్పు లేని స్నానాల దడి. లోపల ఒక బక్కెట్టు, ఒక రాయి, లోపలి నుంచి బిగించుకోవడానికి తాడు. రెండు రోజుల పని. నేను చెప్పిన పాఠాలన్నీ కలిపినా ఆ తాడు చేసిన మేలుకు సాటిరావు.

హెచ్‌ఐవి గురించి రాయకుండా ఈ దేశం గురించి రాయలేం. పెద్దవారిలో నూటికి ఏడెనిమిది మందికి ఆ వైరస్ ఉన్న దేశమది. వైరస్‌ను అక్కడ కాచిలోంబో అంటారు, అంటే చిన్న పురుగు. 2005 ప్రాంతంలో నేను కాన్పుల గదిలో పనిచేసేటప్పుడు, హెచ్‌ఐవి ఉన్న తల్లికి నొప్పులు మొదలవగానే ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు కొన్ని చుక్కల మందు ఇచ్చేవాళ్ళం, అప్పట్లో అంతే. ఆ తర్వాత 2011లో మలావీ ఒక సాహసం చేసింది. గర్భిణికి వైరస్ ఉందని తేలితే చాలు, రక్తపరీక్షల లెక్కలతో నిమిత్తం లేకుండా ఆ రోజు నుంచి జీవితాంతం మందులు ఇవ్వాలని నిర్ణయించింది. ప్రయోగశాలలు తక్కువగా ఉన్న పేద దేశం తన పరిస్థితికి తగ్గట్టు ఆలోచించి కనిపెట్టిన మార్గమది. రెండేళ్ళలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని స్వీకరించింది, తర్వాత మన దేశమూ అదే దారిలో నడిచింది. మేం వాళ్ళకు నేర్పడానికి వెళ్ళామని అనుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

నా ముందు కూర్చున్న పిల్లలు చాలావరకు 2007కూ 2011కూ మధ్య పుట్టినవారు. అంటే ఆ పద్ధతి రావడానికి ముందు. పుట్టుకతోనే వైరస్‌తో వచ్చి, మాత్రలతో ఆరోగ్యంగా పెరిగి, పక్క బెంచీ వాడికి కూడా తెలియకుండా చదువుకుంటున్నవారు ఆ తరగతిలో ఉంటారని టీచరు నాకు మొదటే చెప్పింది, ఎవరో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఒక వారం పెట్టెలో "రోజూ మాత్ర వేసుకునే అబ్బాయి ఫుట్‌బాల్ ఆడవచ్చా?" అని వచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని నాకు చూపించి, చదవగానే పొయ్యిలో వేసింది. చేతిరాత ఎవరూ గుర్తుపట్టకూడదని. మరునాడు తరగతిలో ఆస్తమాకు, మూర్ఛకు, హెచ్‌ఐవికి, చక్కెర జబ్బుకు రోజూ మందు వేసుకునేవారు ఉంటారని, మందు మానకుండా వేసుకున్నంత కాలం పరుగెత్తవచ్చని, ఆడవచ్చని, పెళ్ళి చేసుకుని ఆరోగ్యమైన పిల్లలను కనవచ్చని, హెచ్‌ఐవి మందులు సరిగ్గా వేసుకుని రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినవారి నుంచి జీవిత భాగస్వామికి అది సోకదని, అన్నీ ఒకే గొంతుతో, ఎవరి వైపూ చూడకుండా, కిటికీ బయటి చెట్టు వైపు చూస్తూ చెప్పింది. నా ఉద్యోగ జీవితంలో నేను విన్న అత్యుత్తమమైన పాఠమది.

మన వాళ్ళలో ఇలా వెళ్ళాలనుకునేవారు నాకు ఉత్తరాలు రాస్తున్నారు కాబట్టి రెండు మూడు మాటలు. రెండు మూడు వారాలకు వెళ్ళకండి. పిల్లలు మీ పేరు పలకడం నేర్చుకునే లోపే తిరిగి వచ్చేస్తారు. కనీసం ఒక విద్యా సంవత్సరం ఉండగలిగితేనే వెళ్ళండి. మీరు నర్సులైనా, డాక్టర్లైనా, ఆ దేశపు కౌన్సిల్‌లో నమోదు కాకుండా వైద్యం చేయకూడదు. నా దగ్గరకు గాయంతో వచ్చిన పిల్లకు కట్టు కట్టాలని చేతులు ఆరాటపడినా, వెంటబెట్టుకుని హెల్త్ సెంటరుకు తీసుకువెళ్ళాను. ఏ పిల్లతోనూ ఒంటరిగా గదిలో కూర్చోకండి. పిల్లల ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టకండి. మన పిల్లల ఫోటోలు ఎవరో విదేశీయులు తీసి 'పాపం' అని పెడితే మనకెలా ఉంటుందో ఆలోచించండి. నా దగ్గర ఆ బడి ఫోటోలు మూడే ఉన్నాయి: పెట్టె, గుర్తుల కర్ర, బాఫా.

వచ్చేసే ముందు నెలలో బడి చేతిపంపు చెడిపోయింది. మూడు వారాలు బాగుకాలేదు. తెల్లవారుజామున వెళ్ళమన్న మా పాఠం పక్కకు పోయి, ఆడపిల్లలు మళ్ళీ మధ్యాహ్నం పూట బక్కెట్లు పట్టుకుని సరస్సుకు వెళ్ళడం తరగతి కిటికీలోంచి చూశాను. నా ఆఖరి తరగతి అప్పుడే జరిగింది. ఆ రోజు పెట్టెలో వచ్చిన కాగితాలను టీచరు నాకు చదివి వినిపించింది. చాలావాటిలో వీడ్కోలు మాటలున్నాయి. ఒకదాంట్లో మాత్రం ఇలా ఉంది: "మీ అవ్వ ఊళ్ళో బావి మెట్లు మూసేసి పంపు వేశారన్నారు. ఆ పంపు చెడిపోతే ఎవరు బాగు చేసేవారు?"

జవాబు ఆ రోజు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక మా చిన్నాన్నను అడిగాను. ఆయనకు 74 ఏళ్ళు, అన్నీ జ్ఞాపకం ఉన్నాయి. సమితి ఆఫీసు నుంచి మెకానిక్కు సైకిలు మీద పెద్ద పానాల సంచి వేసుకుని వచ్చేవాడట. కబురు పెట్టిన పది పదిహేను రోజులకు గానీ వచ్చేవాడు కాదట. ఒకసారి అతను వచ్చినప్పుడు చిన్నాన్న, ఇంకో ముగ్గురు కుర్రవాళ్ళు రోజంతా పక్కనే నిలబడి గొట్టాలు పైకి లాగి సాయం చేస్తూ వాషరు మార్చడం నేర్చుకున్నారట. ఆ తర్వాత ఊళ్ళో ఇంటికి పావలా చొప్పున వేసుకుని ఒక పానా, నాలుగు వాషర్లు కొని రచ్చబండ పక్క ఇంట్లో పెట్టుకున్నారట. ఇదంతా ఇంగ్లీషులో రాసి, చిన్నాన్న చేత పంపు లోపలి భాగాల బొమ్మ గీయించి, నిన్న రాత్రి టీచరుకు వాట్సాప్‌లో పంపాను. పొద్దున్నే జవాబు వచ్చింది: వాషరు ఏ కొలతదో కనుక్కుని చెప్పమని పిల్లలు అడుగుతున్నారట.